నేను ముందర, మీ తాత ఎనుక

నల్లమల లోపలి సలేశ్వరం అంటే మీరు ఇప్పుడు ఫోన్లల్ల చూస్తున్నరు. ఆ దుమికే నీళ్లు, ఆ లొద్ది, ఆ జనం. చూడుండ్రి, మంచిదే. గాని మీ తాత, నేను కలిసి నడిచిపోయిన దినం సంగతి మీకు ఎవ్వలు చెప్పలే. చలి ఎక్కుతుంది, ఇంక రెండు మొద్దులు మంటల ఎయ్యుండ్రి. మీ తాత గొంగడి కప్పుకొని ఈడనే కూసున్నడు, నేను ఏడన్న మరిస్తే అందిస్తడు.

మాది 1970ల పెండ్లి. జై తెలంగాణ లొల్లి సల్లబడ్డ మరుసటేడు. మా ఊరు లింగాల దిక్కు. అప్పుడు అంతా మహబూబ్‌నగర్ జిల్లానే, నాగర్‌కర్నూల్ జిల్లా 2016ల అయింది. ఊరి ఎనుక చెలకల నిలబడితే నల్లమల గుట్టలు వరుసగ కనబడుతయి. పెండ్లయి వచ్చిన కాడికెల్లి పొద్దుగాల లేస్తే ఆ గుట్టలనే చూసేదాన్ని. లోపల ఏముందో ఎరుగను. మా పుట్టింటోళ్లు సేన్ల పని తప్ప అడివి మొకం చూసినోళ్లు గారు.

అత్తగారిల్లు నిండిన ఇల్లు. మామ, అత్త, ఇద్దరు మరుదులు, ఒక ఆడబిడ్డ, మా పెద్దత్త, జీతగాళ్లు. పగటిపూట పెనిమిటితోని నిలబడి మాట్లాడుడు అప్పట్ల తప్పు లెక్క. సేనుకాడికి సద్ది తీసుకపోవుడు, మూట దించి పెట్టుడు, తలకాయ వంచుకొని మళ్లి వచ్చుడు. ఊరి బాట మీద పోవాలంటే ఆయన ముందర, నేను పది అడుగుల ఎనుక. పక్కపక్కన నడిస్తే చూసినోళ్లు నవ్వేటోళ్లు. కాపురానికి వచ్చి ఏడాది అయినా, ఈయనకు ఏమంటే ఇష్టం, ఏంటికి కోపమొస్తది అన్నది నాకు తెల్వది. ఆయనకు నా సంగతి ఇంకా తెల్వది. ఇంట్ల బాధ పెట్టేటోళ్లు ఎవ్వలు లేరు, అది కూడ చెప్పాలె. గాని మాట్లాడుకునే జాగ లేకుండె.

1971 చైత్రంల మా అత్త మొక్కు తీర్చే ఏడు వచ్చింది. మా పెద్దమరిదికి చిన్నప్పుడు పాణం మీదికి వస్తే సలేశ్వరం లింగమయ్యకు మొక్కిందట. ఆమెకేమో మోకాళ్లు పట్టినయి, గుట్ట దిగలేదు, ఎక్కలేదు. 'కొడుకు కోడలు పోయి అప్పజెప్పి వస్తరు' అని మామతోని ఒప్పిచ్చింది. తోడు మా పెద్దత్త, ఇంకా ఊరోళ్లు కొందరు.

మీకు ఎరుకే గదా, సలేశ్వరానికి బాట ఏడాది పొడుగున ఉండది. చైత్ర పున్నం చుట్టుముట్టున్న కొన్ని దినాలే జాతర. మిగిలిన కాలమంతా ఆ లొద్ది చెంచోళ్లది, జంతువులది. శ్రీశైలానికి నాలుగు దిక్కుల నాలుగు వాకిండ్లు అంటరు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన మన అచ్చంపేట కాడి ఉమామహేశ్వరం. ఆ వాకిండ్లకు మెట్లున్నయి, మండపాలున్నయి, రాజులు కట్టిచ్చిన గుళ్లున్నయి. సలేశ్వరానికి అవేమి లేవు. కొండ, నీళ్లు, రాతి సొరికెల లింగం. అంతనే. నాకు మాత్రం అదే ఇష్టం.

ముందటి దినం రాత్రి జొన్నరొట్టెలు చేసిన. ఎల్లిపాయ కారం, మామిడికాయ తొక్కు, పేలపిండిల బెల్లం కలిపి ఒక మూట. నీళ్లకు రెండు సొరకాయ బుర్రలు. ఎండకు ఎంత నడిచినా బుర్రల నీళ్లు సల్లగ ఉంటయి. గోసి పెట్టి చీర కట్టుకున్న. ఆయన ధోతి మోకాళ్ల మీదికి ఎగజెక్కి, తువ్వాల నెత్తికి చుట్టి, కట్టె పట్టిండు. అప్పాయిపల్లి దాక ఎడ్లబండ్లు. చెప్పులు బండిలనే ఇడిసినం. లింగమయ్య కాడికి పోయేటప్పుడు చెప్పులు తొడగద్దని పెద్దలు పెట్టిన కట్టు. ఏగుసుక్క పొడిచినప్పుడు అడివిల పడ్డం. పున్నం ఎన్నెల ఇంకా ఉంది, కందీలు ముట్టియ్యలే.

మాకు బాట చూపెట్టినాయన ఒక చెంచు ముసలాయన. మా మామకు ఎరుకున్న మనిషి. తేనె, జిగురు తీసుకొని ఊర్లకు వచ్చి జొన్నలు కొలిపిచ్చుకొని పోతుండె. సన్నగ, నల్లగ, నడుముకు చిన్న కొడవలి. నడుస్తుంటే ఆయన కాలికింద ఆకు చప్పుడు కాకపోయేది. ఎండాకు కాలం గదా, మేము అడుగేస్తే కరకర అంటుండె, ఆయనది మాత్రం ఇనబడది. నాకు ఆ సంగతి ఇప్పటికి యాదికుంది.

అడివిల పడ్డంక మీ తాత వేరే మనిషి అయిండు. ఇంట్ల నోరు తెరవని మనిషి, ఒక్కొక్క చెట్టు చూపెట్టుకుంట చెప్పుడు మొదలుపెట్టిండు. చిన్నప్పుడు ఎడ్లమందతోని ఈ అంచున తిరిగిండట, నాకు ఆ దినమే తెలిసింది. ఇది నల్లమద్ది, దీని బెరడు మొసలి ఈపు తీరు పలిగి ఉంటది. ఇది ఏగిస, గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతది. ఇది తపసి చెట్టు, బెరడు తెల్లగ నున్నగ ఉంటది, జిగురు దీనికెల్లే వస్తది. ఇవి మొర్రిపండ్లు, లోపలి పలుకే సారపప్పు. తునికిపండు తెంపి నా చేతిల పెట్టిండు, పచ్చగ, మెత్తగ. 'గింజ ఊంచెయ్, నాలిక్కి పట్టుకుంటది' అన్నడు. అప్పటిదాక నా చేతికి ఆయన పెట్టింది ఏమన్న ఉందంటే పెండ్లిల పెట్టిన తలంబాల బియ్యమే.

చైత్రంల నల్లమల మీరు అనుకున్నంత పచ్చగ ఉండది. వెదురు ఎండి ఉంటది, చెట్లు సగం మోడులే. గాని ఇప్పచెట్టు కింద మాత్రం తెల్లవారగట్ల పువ్వు రాలి నేలంతా పరుచుకుంటది. తియ్యటి వాసన దూరం నుంచే వస్తది. చెంచాయన మమ్ముల ఆడ ఆపి, తాను ముందరికి పోయి చుట్టు చూసి వచ్చిండు. ఎందుకంటె ఎలుగొడ్డుకు ఆ పువ్వంటే పాణం, తెల్లారక ముందు వచ్చి తింటుంటది. మన పొలంల కంది ఎట్లనో ఆ అడివిల చెంచోళ్లకు ఇప్పపువ్వు అట్ల. ఎండబెట్టి దాసుకుంటరు, కష్టకాలంల ఉడికిచ్చుకొని తింటరు. నేను రెండు పువ్వులు నోట్లేసుకుంటే, పొద్దుటి మంచుతోని సల్లగ ఉండె.

ఇంకొంత పోయినంక ఒక బండ కొన కాడ నిలబెట్టి ఎదుటి కొండకు వేలాడే తేనెపట్లు చూపెట్టిండు. నిలువు బండ, కింద అందని లోతు. తేనె తీసేటందుకు తీగెల తాడు కట్టుకొని మీదికెల్లి దిగుతరు. 'తాడు ఎవలు పట్టుకుంటరు తాతా' అని మీ తాత అడిగిండు. పెండ్లాం తమ్ముడో అన్ననో పట్టుకుంటడన్నడు. అన్నదమ్ములకు ఇయ్యరట. ఎందుకంటె అక్క పుస్తె తెగుతదన్న భయం బామ్మర్దికి ఉన్నట్టు ఇంకెవలికి ఉండది. కొండకు వేలాడే మొగని పాణం పెండ్లాం పుట్టింటోళ్ల చేతిల. ఆ మాట ఇని మీ తాత నా దిక్కు చూసిండు. నాకు తమ్ముడున్నడు గదా, ఆయన అప్పుడు ఏమనుకున్నడో. అడుగుండ్రి, ఎదురుంగనే ఉన్నడు. పట్టంతా కొయ్యరట చెంచోళ్లు, ఈగలకు కొంత ఇడిసిపెడుతరట. మళ్లొచ్చే ఏడు ఆ బండకే ఈగ రావాలె గదా.

శ్రీశైలం మల్లన్న వాళ్లకు దేవుడే కాదు, అల్లుడు. చెంచు పిల్లను చేసుకున్నడని వాళ్ల కథ. అందుకే చెంచు మల్లయ్య అంటరు. దేవుని మీద అల్లునికున్నంత చనువు. ముసలాయన బాట పొడుగున లింగమయ్య గురించి అట్లనే మాట్లాడిండు, ఇంటి మనిషి గురించి చెప్పినట్టు.

పొద్దు బాగ ఎక్కినంక లొద్ది అంచుకు వచ్చినం. ఆడ నిలబడి కిందికి చూస్తే నాకు కాళ్లు ఆడలే. రెండు కొండలు ఎదురుబొదురు నిలబడ్డయి. నడుమ సందు. బాట ఒక మనిషి పట్టేంతనే, ఒక దిక్కు బండ, ఒక దిక్కు ఏమి లేదు. అడుగు పెట్టే కాడ రాళ్లు, ఏర్లు. కిందికెల్లి వచ్చే మంది, మీదికెల్లి దిగే మంది, అందరు అండ్లనే. పోయేటోళ్లు 'వస్తున్నం లింగమయ్యో' అంటరు, తిరిగొచ్చేటోళ్లు 'పోయొస్తం లింగమయ్యో' అంటరు. భక్తితోని అనేదే, గాని దాంట్ల ఇంకో ఉపాయం ఉంది. బాట మలుపు తిరిగే కాడ ఎదురుంగ వచ్చేటోళ్లు కనబడరు, గొంతు ఇనబడుతది. ఇనబడంగనే ఒక జట్టు బండకు ఆనుకొని నిలబడి ఇంకో జట్టుకు తొవ్వ ఇస్తది. వేలమంది ఆ ఇరుకు బాటల పోలీసు లేకుండ, తాడు లేకుండ అట్లనే నడిచిన్రు.

ఆడ ముసలాయన అందరిని ఆపి జోళ్లు జోళ్లుగ నిలబెట్టిండు. 'దిగేటప్పుడు బలమున్నోడు ముందర. ఎక్కేటప్పుడు బలమున్నోడు ఎనుక. రెండుసార్లు వాడు కిందనే ఉండాలె. జారితే ఆపేటోడు కింద ఉంటడు గాని మీద ఉంటడా' అన్నడు. దిగేటప్పుడు సరే, ఎప్పటి లెక్కనే మీ తాత ముందర, నేను ఎనుక. గాని పది అడుగుల దూరం లేదు. ఆయన భుజం మీద చెయ్యి పెట్టుమన్నడు ముసలాయన. ఎనుక పెద్దత్త ఉన్నది, ఊరోళ్లున్నరు. ఆడిదాన్ని, పదిమందిల మొగని భుజం మీద చెయ్యి ఎట్ల ఎయ్యాలె? నేను నిలబడే ఉన్న. పెద్దత్తనే ఎనుకకెల్లి 'ఎయ్యి పిల్లా, పడితే సిగ్గు నిన్ను పట్టుకుంటదా' అన్నది. ఆ ముసలిది ఇంట్ల మాట ఎంత గట్టిదో, మనసు అంత మంచిదని ఆ దినమే తెలిసింది.

దిగుడు సాన సేపు పట్టింది. నడుమల ఒక కాడ బండ తడిసి ఉన్నది, కాలు నిలువది. నాకు వణుకొచ్చి ఆగిన. 'భయపడకు' అని అనలే మీ తాత. ఎనుకకు తిరగకుండనే, 'కుడికాలు నా మడమ కాడ పెట్టు. ఆఁ. ఇగ ఎడమకాలు ఆ ఏరు మీద' అని ఒక్కొక్క అడుగు చెప్పుకుంట పోయిండు. నేను లోయ దిక్కు చూడలే. ఆయన ఈపు చూసుకుంట దిగిన. చెమటకు తడిసిన అంగీ, దాని మీద నేను ఏసిన కుట్టు. ఆ అంగీ చినిగితే నేనే కుట్టి ఇచ్చిన, ఎవల కోసమో అన్నట్టు కుట్టిన. ఆ కుట్టు నా కండ్ల ముందర ఉన్నది, దాన్నే చూసుకుంట అడుగులు ఏసిన.

కిందికి దిగుతుంటే ఎండ పోయింది. మీద చైత్రం, కింద పుష్యం. గాలి తడితడిగ తగులుతది. మీద మోడుబారిన అడివి, కింద ఆకు పచ్చగ, బండలకు పాచి. కొండ మీదికెల్లి నీళ్లు దుమికే చప్పుడు ముందుగాల ఇనబడుతది, తర్వాత మొకం మీద తుంపర పడుతది, ఆఖరుకు కండ్లకు కనబడుతది. ఎంత ఎత్తునుంచి వస్తుందో తలకాయ ఎత్తి చూస్తే మెడ నొప్పి పెట్టింది. కింద గుండం. నీళ్లల్ల కాలు పెట్టంగనే ఒళ్లు జలదరిచ్చింది. అందరు స్నానాలు చేసిన్రు, మేము చేసినం. బండకు తొలిసినట్టున్న సొరికెలల్ల లింగాలు, పూజ చేసేది చెంచు పూజారే. మొక్కు అప్పజెప్పినం, కొబ్బరికాయ కొట్టినం, ఇబూది పెట్టుకున్నం. దర్శనం గురించి ఇంతకంటె చెప్పేది లేదు, ఎవలి దర్శనం వాళ్లది.

గుండం ఒడ్డుకు బండ మీద కూసొని రొట్టెలు ఇప్పినం. ఇద్దరం ఒక్క మూటల చెయ్యి పెట్టి తినుడు అదే మొదలు. ఇంట్ల మొగోళ్లు తిన్నంక గదా మేము తినేది. ఎల్లిపాయ కారం ఎక్కువైందని ఆయన చెప్తే, ఇంట్ల ఎందుకు చెప్పలేదు అని అడిగిన. 'అమ్మ చేస్తుందనుకున్న' అన్నడు. ఏడాది సంది నేను నూరిన కారం మా అత్త నూరిందనుకొని తిన్నడు. అప్పుడు నేను అడిగిన, లింగమయ్యను ఏం కోరినవని. 'వాన' అన్నడు. అంతకుముందే వానలు సరిగ్గ లేక చెరువు అడుగంటింది. కొడుకునో, భూమినో అడుగుతడనుకున్న నేను. వాన ఒక్క ఇంటికి పడదు గదా, పడితే ఊరందరికి పడుతది. అట్ల అడిగే మనిషికి నన్ను ఇచ్చిన్రని నాకు ఆ బండ మీద కూసున్నప్పుడు ఎరుకైంది. వాన మాత్రం రాలే. మరుసటేడు 1972ల పెద్ద కరువు పడ్డది. గంజి తాగి ఎల్లదీసినం, గొడ్లను అమ్ముకున్నం. ఆ కరువుల ఆయన నా మీద ఒక్కసారి గొంతు ఎత్తలే.

పొద్దు వాలుతుంటే ఎక్కుడు మొదలు. ఇగ ముసలాయన కట్టు ప్రకారం నేను ముందర, మీ తాత ఎనుక.

నా ముందర మా ఇంటి మొగోళ్లు ఎవ్వలు లేరు. ఏ రాయి మీద కాలు పెట్టాలె, ఏ ఏరు పట్టుకోవాలె, ఏడ ఆగాలె, అంతా నేనే చూసుకోవాలె. పుట్టింట్ల నాయిన ఎనుక, అన్న ఎనుక నడిచిన, అత్తింట్ల పెనిమిటి ఎనుక. ఎవలో ఏసిన అడుగుల కాలు పెట్టుడే తెలుసు నాకు. ముందుగాల రెండు మలుపులు నాకు ఊపిరి ఆడలే, ఎక్కలేక కాదు, ఎనుక ఆయన కండ్లున్నయని. తర్వాత ఆ సంగతే మరిసిన. రాయి కదిలితే 'ఇది కదులుతుంది, ఎడమ దిక్కు పెట్టు' అని నేనే చెప్పిన. 'సరే' అని ఎనుకకెల్లి జవాబు. నేను పెట్టిన కాడనే ఆయన కాలు పెట్టిండు. మోకాళ్ల మీద చేతులు ఆనిచ్చి ఎక్కే నిలువు కురువ ఒకటి వచ్చింది. నడుమల నేను ఆగితే ఆయన ఆగిండు, ఇంత సేపెందుకని అనలే. 'నడుద్దమా' అని నేను అడగాలె, ఆయన 'నువ్వు చెప్పు' అనాలె. నీళ్ల బుర్ర కింది నుంచి నా చేతికి అందిచ్చుడు, నేను తాగి కిందికి ఇచ్చుడు. ఎదురుంగ మంది వస్తే బండకు ఆనుకొని నేను గొంతెత్తి 'పోయొస్తం లింగమయ్యో' అన్న. నా గొంతు అంత పెద్దగ ఉంటదని నాకే తెల్వది.

మీదికి వచ్చేసరికి పొద్దు గూకింది. చైత్ర పున్నం చంద్రుడు ఎదుటి కొండ మీద. చదును బాట దొరికినంక అలవాటు కొద్ది నేను ఎనుకకు తగ్గిన, ఆయన ముందరికి పోతడని. ఆయన పోలే. కట్టె అవతలి చేతికి మార్చుకొని నా పక్కన నడిచిండు. పెద్దత్త చూసింది, ఏమనలే. ఇల్లు చేరినంక మా అత్తతోని మాత్రం 'నీ కోడలు గుట్ట గట్టిగ ఎక్కుతది' అన్నది. తర్వాత మా ఊరి బాట మీద పక్కపక్కన నడిచే మొగుడు పెండ్లాలం మేమే. కొందరు నవ్విన్రు. నవ్వుడు కొన్నాళ్లకు ఆగిపోయింది, మేము మాత్రం అట్ల నడుచుడు ఆపలే.

మేము పోయిన బాట అప్పటి లెక్కనే ఉందనుకోకుండ్రి. మీ పెద్దనాయిన పుస్తకంల చదివి చెప్పిండు నాకు: 1940ల హైమన్‌డార్ఫ్ అనే దొర తన పెండ్లాంతోని వచ్చి ఈ అమ్రాబాద్ గుట్టల మీది పెంటలల్ల, అంటే చెంచు గూడేలల్ల, వాళ్ల నడుమ ఉండి, వాళ్ల బతుకు మీద 1943ల పుస్తకం రాసిండట. ఆ ఆలుమగలు కూడ ఈ గుట్టలల్ల కాలినడకన తిరిగినోళ్లే. మేము పోయినప్పుడు ఈ అడివికి పులుల రక్షితం అన్న పేరు లేకుండె. 1978ల అభయారణ్యం అన్నరు, 1983ల పులుల కోసమని కట్టుబాట్లు పెట్టిన్రు. రాష్ట్రం వేరయినంక మన దిక్కుదంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. 2019ల యురేనియం కోసం తవ్వుతమంటే అమ్రాబాద్, పదర ఊర్లోళ్లు, చెంచోళ్లు రోడ్ల మీద కూసున్నరు. ఆ ఏడు సెప్టెంబర్ల అసెంబ్లీల తవ్వద్దని తీర్మానం చేసిన్రు. మంచి పని చేసిన్రు. ఆ కొండను తవ్వితే నీళ్లు ఏడికెల్లి దుముకుతయి?

ఇప్పుడు హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు దాటి, ఫరహాబాద్ కాడ అడివి లోపలికి తిరిగి రాంపూర్ పెంట దాక బండ్లు పోతున్నయి. ఆడికెల్లి నడక అయిదు కిలోమీటర్ల లెక్క. జనం ఎంత పెరిగిందంటె ఆ ఇరుకు బాటల నిలబడే జాగ లేదు, ఊపిరాడక పాణాలు పోయిన సంగతి కూడ ఇన్నం. ఫారెస్టోళ్లు దినాలు తగ్గిచ్చిన్రని కొందరు కోపం చేస్తున్నరు. నేనైతే తగ్గిచ్చుడే సరి అంట. ఆ అడివి మనకు ఏడాదికి కొన్ని దినాలు బాట ఇస్తుంది, మిగిలిన దినాలు దాని బతుకు అది బతకాలె. చైత్రంల ఎండాకు మీద బీడి ముక్క పడితే చాలు, గుట్టకు గుట్ట కాలుతది. మనం పారేసిన ప్లాస్టిక్ సీసాలు ఆ గుండంల తేలుతున్న ఫొటో మీ ఫోన్లనే చూసిన నేను. ఆ నీళ్లే కదా కింద జంతువులు తాగేది.

మీరిద్దరు కొత్తగ పెండ్లయినోళ్లు, ఈ చైత్రంల పోతమంటున్నరు. పోండ్రి. పున్నం దినం కాకుండ దానికి ముందటి దినం పోతే మంది జర తక్కువుంటరు. మోకాళ్ల నొప్పులున్నోళ్లను, గుండె బలహీనమున్నోళ్లను దింపకుండ్రి. పసిపిల్లలను చంకనేసుకొని దిగకుండ్రి. పాట పెట్టె మోగియ్యకుండ్రి, మలుపు కాడ గొంతు ఇనబడాలె. నీళ్లకు ఇత్తడి చెంబో, స్టీలు సీసానో తీసుకపోండ్రి, ఏం తీసుకపోతే అది మళ్ల ఇంటికి తేండ్రి. పెంట కాడ చెంచోళ్లు తేనె అమ్మితే బేరం చెయ్యకుండ కొనుండ్రి, వాళ్ల ఇండ్ల ముందర నిలబడి అడగకుండ ఫొటోలు దిగకుండ్రి. దిగేటప్పుడు కొడుకా నువ్వు ముందరుండు. ఎక్కేటప్పుడు బిడ్డను ముందర నడవనియ్యి, తొందర పెట్టకు.